బడి మానేసినా పదో తరగతి

చార్మినార్ పక్కన లాడ్ బజార్ గాజుల మెరుపు మనందరికీ తెలుసు. 2015 జనవరిలో పాతబస్తీలో గాజులు తయారుచేసే గదుల నుంచి పోలీసులు వందలమంది పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చినవాళ్లే. అందరూ బడి ఈడువాళ్లే.

చదువు అలా మధ్యలో ఆగిపోతే మళ్లీ దారి ఉందా? ఉంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలకైతే బడే దారి. శాంతా సిన్హాగారి స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో చేసిందదే. పనిలో ఉన్న పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల్లో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చింది.

పద్నాలుగు నిండాయా? అయితే ఓపెన్ స్కూల్ ఉంది. దాని పేరు తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం. అక్కడ పదో తరగతిలో చేరవచ్చు. రోజూ బడికి వెళ్లనక్కర్లేదు. పరీక్షలు ఉర్దూలోనూ రాయవచ్చు. నాకు బాగా నచ్చింది మరొకటి. పాసైన సబ్జెక్టు పాసైనట్టే. దాన్ని మళ్లీ రాయనక్కర్లేదు. పగలంతా పనిచేసే పిల్లకి ఇదెంత ఊరటో ఆలోచించండి! పాసైతే ఇంటర్‌లోనూ చేరవచ్చు.

మరోసారి చెబుతున్నాను. పద్నాలుగేళ్లలోపైతే బడి. నిండితే ఓపెన్ స్కూల్. మీ దగ్గరి ప్రభుత్వ హైస్కూల్లో అడగండి, స్టడీ సెంటర్ ఎక్కడుందో చెబుతారు.