సకురా డేట్ ఎవరి చేతిలోనూ లేదు: మేమిద్దరం జపాన్ ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకున్నాం?



ఈ మధ్య మీ నుంచి ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే. "అన్నా, జపాన్‌లో చెర్రీ బ్లాసమ్స్ చూడాలంటే ఏ డేట్‌కి టికెట్ బుక్ చేసుకోవాలి?" దీనికి నా సమాధానం కూడా ఒకటే. ఆ డేట్ ముందే ఎవరికీ తెలీదు. జపాన్ వాళ్లకి కూడా తెలీదు. అయినా సరే, ఆ డేట్ తెలియకుండానే ట్రిప్ బాగా ప్లాన్ చేసుకోవచ్చు. నేను, నా వైఫ్ 2025లో అలాగే వెళ్లొచ్చాం. ఎలా అనేది ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

ముందు మా పరిస్థితి చెప్పాలి. మాకు పెళ్లయి మూడేళ్లు. తను హైదరాబాద్‌లోనే సాఫ్ట్‌వేర్, కానీ యూఎస్ క్లయింట్. సాయంత్రం ఆరున్నరకి లాగిన్ అయితే తెల్లవారుజామున మూడున్నరకి లాగౌట్. నేను నిద్ర లేచే టైముకి తను నిద్రలో ఉంటుంది. వీకెండ్ వస్తే నాకు షూటింగ్, ఎడిటింగ్. ఒకే ఇంట్లో ఉంటాం, కానీ ఇద్దరం మెలకువగా ఒక చోట కూర్చునే టైమ్ చాలా తక్కువ. అందుకే ఈ ట్రిప్ మాకు పూల కోసం మాత్రమే కాదు. వరసగా తొమ్మిది రోజులు ఒకే టైమ్‌టేబుల్‌లో బతకడం కోసం.

సెలవుల లెక్క చూడండి. మార్చి 29 శనివారం. 30 ఆదివారం, ఉగాది. 31 సోమవారం రంజాన్ సెలవు. ఆ తర్వాత నాలుగు లీవులు పెడితే ఏప్రిల్ 6 ఆదివారం దాకా తొమ్మిది రోజులు వచ్చాయి. నాలుగు లీవులకి తొమ్మిది రోజులు! కాకపోతే ఒక చిక్కు. లీవ్ నవంబర్‌లోనే అప్లై చేయాలి. పూలు ఎప్పుడు పూస్తాయో మొదటి అంచనా వచ్చేది ఆ తర్వాతే. అంటే సెలవు ముందు ఫిక్స్ అవుతుంది, పూత తర్వాత తేలుతుంది.

ఆ టైములో ఒక ట్రావెల్ ఏజెంట్ మాకు ఒక ప్యాకేజీ చెప్పాడు. "పీక్ బ్లూమ్ గ్యారంటీ సార్" అన్నాడు. నేను అడిగాను, "గ్యారంటీ అంటే, పూయకపోతే డబ్బులు వెనక్కి ఇస్తారా?" ఆయన నవ్వి టాపిక్ మార్చేశాడు. ఎవరైనా మీకు ఈ గ్యారంటీ ఇస్తే ఇదే ప్రశ్న అడగండి.

గ్యారంటీ ఎందుకు ఉండదో అర్థం కావాలంటే ఆ చెట్టు ఎలా పనిచేస్తుందో తెలియాలి. మనం ఫొటోల్లో చూసే లేత గులాబీ రంగు పూలు ఎక్కువగా ఒకే రకానివి. పేరు సొమేయ్ యోషినో. ఇప్పటి టోక్యోలో కొమాగొమె అనే ప్రాంతం దగ్గర, ఒకప్పటి సొమేయ్ అనే ఊళ్లో తోటమాలులు దీన్ని ఎదో కాలం చివర్లో వ్యాప్తిలోకి తెచ్చారు. ఇది విత్తనంతో పెరగదు. మన బంగినపల్లి మామిడిలాగా అంటు కట్టి పెంచుతారు. అంటే జపాన్ అంతా ఉన్న సొమేయ్ యోషినో చెట్లన్నీ జన్యుపరంగా ఒకే చెట్టుకి కాపీలు. మన భాషలో చెప్పాలంటే అన్నీ క్లోన్‌లే. అందుకే ఒక పార్కులో వెయ్యి చెట్లుంటే వెయ్యీ దాదాపు ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలతాయి. ఆ అందానికి కారణం అదే. ఆ టెన్షన్‌కి కారణం కూడా అదే.

మొగ్గ ముందు ఏడాది వేసవిలోనే తయారవుతుంది. తర్వాత నిద్రలోకి వెళ్తుంది. ఆ నిద్ర వదలాలంటే చలికాలంలో గట్టి చలి తగలాలి. ఆ తర్వాత వేడి పెరిగేకొద్దీ మొగ్గ విచ్చుకుంటుంది. జపాన్‌లో ఒక రఫ్ లెక్క ఉంది. ఫిబ్రవరి 1 నుంచి రోజూ గరిష్ఠ ఉష్ణోగ్రత కూడుకుంటూ పోతే, మొత్తం 600 డిగ్రీల దగ్గరకి వచ్చేసరికి టోక్యోలో పూత మొదలవుతుందని. చలి సరిగా తగలకపోతే ఆలస్యం అవ్వొచ్చు. అందుకే దక్షిణాన వెచ్చగా ఉండే కాగోషిమాలో కొన్ని సంవత్సరాల్లో టోక్యో కన్నా లేటుగా పూస్తాయి.

మరి పూసిందని ఎవరు చెప్తారు? వాతావరణ శాఖ. టోక్యోలో యాసుకుని మందిరం ఆవరణలో ఒక చెట్టుంది. వాతావరణ శాఖ అధికారి వచ్చి ఆ చెట్టుని చూస్తారు. కనీసం 5, 6 పూలు విచ్చుకుంటే పూత మొదలైనట్టు ప్రకటిస్తారు. టీవీ కెమెరాలు కూడా అక్కడే ఉంటాయి. 80 శాతం దాటి విచ్చుకుంటే దాన్ని మన్‌కాయ్ అంటారు, అంటే నిండు పూత. మొదలైన దగ్గర్నుంచి నిండు పూతకి సుమారు ఒక వారం. మధ్యలో గాలివాన వస్తే అంతే సంగతులు.

టోక్యోలో పూత మొదలయ్యే సగటు తేదీ మార్చి 24. కానీ 2020, 2021, 2023లో మార్చి 14కే మొదలైంది. 2024లో మార్చి 29 దాకా మొదలవలేదు. 2023కీ 2024కీ మధ్య తేడా 15 రోజులు. మీ ట్రిప్ మొత్తం ఆ తేడాలో మునిగిపోవచ్చు.

క్యోటోలో ఈ పూత తేదీలు రాజుల డైరీల్లో, బౌద్ధ సన్యాసుల రాతల్లో దొరుకుతాయి. యాసుయుకి అవోనో అనే పరిశోధకుడు వాటిని వెతికి క్రీస్తుశకం 812 దాకా వెనక్కి వెళ్లారు. 2021లో నిండు పూత మార్చి 26కే వచ్చింది, ఆ 1200 ఏళ్ల లెక్కలో అప్పటిదాకా అదే అన్నిటికన్నా ముందు. భూమి వేడెక్కుతోంది కాబట్టి ఈ డేట్ ఇంకా జరుగుతూనే ఉంటుంది. బామ్మల కాలం నాటి సగటుని నమ్ముకుని టికెట్ కొంటే కష్టం.

సరే, మరి మేమేం చేశాం? ఒక డేట్ మీద, ఒక చెట్టు మీద ట్రిప్ పెట్టుకోలేదు. పూత ముందొచ్చినా లేటైనా ఏదో ఒకటి దొరికేలా చూసుకున్నాం.

మొదటిది, రెండు ఊళ్లు. టోక్యోలో నాలుగు రాత్రులు, క్యోటోలో నాలుగు రాత్రులు. క్యోటోలో నిండు పూత సగటు తేదీ ఏప్రిల్ 4, టోక్యోలో మార్చి 31. ఆ నాలుగు రోజుల తేడా మాకు కలిసొచ్చింది.

రెండోది, వేరే రకాలు. కొమ్మలు కిందికి వేలాడే షిదారె రకం సాధారణంగా కొంచెం ముందే పూస్తుంది. క్యోటోలో నిన్నాజీ గుడిలో ఉన్న ఓమురో రకం బాగా లేటు. టోక్యోలో షింజుకు గ్యోఎన్ పార్కులో ముద్దగా పూసే యాఎ రకాలు ఏప్రిల్ మధ్య దాకా ఉంటాయి. 2025లో ఆ పార్కుకి టికెట్ 500 యెన్లు. సీజన్‌లో కొన్ని రోజులకి ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి.

మూడోది, ఎత్తు. నారా ప్రాంతంలో యోషినో కొండ ఉంది. అక్కడ సుమారు 30 వేల చెట్లు. పూత కొండ కింద మొదలై మెల్లగా పైకెక్కుతుంది. కింద రాలిపోతే పైన దొరుకుతుంది. పూత బాగా ముందొచ్చేస్తే అక్కడికి వెళ్దామని ప్లాన్ బీగా పెట్టుకున్నాం. అవసరం పడలేదు.

హోటళ్లన్నీ ఫ్రీ క్యాన్సలేషన్‌వే తీసుకున్నాం. ఫ్లైట్ టోక్యోలో దిగేలా, ఒసాకా నుంచి తిరిగొచ్చేలా బుక్ చేశాం. దానివల్ల బుల్లెట్ ట్రైన్ ఒకవైపే ఎక్కాం, మనిషికి సుమారు 14 వేల యెన్లు, అంటే అప్పటి లెక్కలో 8 వేల రూపాయలు. వారం రోజుల రైల్ పాస్ ధర 2023 అక్టోబర్‌లో 50 వేల యెన్లకి పెరిగింది. మాలాంటి రూటుకి అది దండగ.

మేము టోక్యోలో దిగిన రోజు చలి, వాన. పూలకాలంలో వచ్చే ఈ చలికి అక్కడ హనాబియె అని ప్రత్యేకంగా పేరే ఉంది. స్వెటర్ తప్పనిసరి, గుర్తుపెట్టుకోండి. మర్నాడు మార్చి 30. టోక్యోలో నిండు పూత అని ఆ రోజే ప్రకటించారు. ఇక్కడ ఉగాది. మేము ఉఎనో పార్కులో ఉండగా అత్తయ్య వీడియో కాల్ చేశారు. ఆవిడ ఫోన్ తిప్పి పెరట్లో వేపపూత చూపించారు. తను ఫోన్ తిప్పి సకురా చూపించింది. "మీ చెట్టు పువ్వు పచ్చట్లో వేస్తారా?" అని అడిగారు అత్తయ్య. పచ్చట్లో కాదు కానీ, ఆ పూలని ఉప్పులో ఊరబెట్టి టీలో వేసుకుంటారని చెప్పాను. "ఉప్పు పువ్వా! మరి చేదెక్కడా?" అన్నారు. ఆ రోజు మాకు పచ్చడి లేదు. కన్వీనియెన్స్ స్టోర్‌లో కొన్న అన్నం ముద్ద, లోపల ఉమే అనే పుల్లటి కాయ ఊరగాయ. తను శాకాహారి. అక్కడ చాలా వంటల్లో చేపల రసం ఉంటుంది కాబట్టి ఆ ముద్దే తనని ట్రిప్ అంతా కాపాడింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. జపాన్ మన కన్నా మూడున్నర గంటలు ముందు. తన షిఫ్ట్ టైమ్ అక్కడ రాత్రి పది నుంచి పొద్దున ఏడు అవుతుంది. అంటే ఊరంతా పడుకున్నప్పుడు తనకి ఫుల్ మెలకువ. క్యోటోలో తెల్లారి ఐదుకే రెడీ అయిపోయి నన్ను లేపేది. ఐదున్నరకి ఫిలాసఫర్స్ పాత్ మీద ఉండేవాళ్లం. కాలువ పక్కన సుమారు రెండు కిలోమీటర్ల దారి. పదింటికి అక్కడ కాలు పెట్టలేం. ఆ టైముకి మాత్రం మేమిద్దరం, కుక్కతో నడిచే ఒకరిద్దరు. తొమ్మిదింటికి రూముకొచ్చి నిద్ర. మూడేళ్లుగా మమ్మల్ని విడదీసిన షిఫ్ట్ మాకు పనికొచ్చింది ఆ నాలుగు రోజులే.

ఆ నడకల్లో పెద్ద పెద్ద మాటలేం మాట్లాడుకోలేదు. ఇంటి లోన్, వాళ్ల తమ్ముడి పెళ్లి, నా కొత్త మైక్. కానీ రెండో రోజు తను ఒక మాట అంది. "ఈ షిఫ్ట్ ఇంకో ఏడాది చేస్తే జీతం పెరుగుతుంది, నిజమే. ఆ ఏడాది మళ్లీ రాదు కదా." నేనేం సలహా ఇవ్వలేదు. విన్నాను.

క్యోటో రాజభవనం పార్కులో ముందే పూసిన షిదారె చెట్లు అప్పటికే రాలుతున్నాయి. గాలి వచ్చినప్పుడల్లా రేకులు వానలా పడుతున్నాయి. దాన్ని హనాఫుబుకి అంటారు, పూల మంచు తుపాను. తను దాని కింద అరగంట నిలబడింది. "ఇది పీక్ కాదు కదా?" అని అడిగింది. కాదన్నాను. "నాకు ఇదే నచ్చింది" అంది. నిన్నాజీకి వెళ్తే అక్కడ ఓమురో ఇంకా మొగ్గల్లోనే ఉంది. ఒకే ఊళ్లో మొగ్గ, పువ్వు, రాలే రేకు, మూడూ చూశాం. పీక్ ఒక్కటే వెతికి ఉంటే మిగతా రెండూ మాకు ఫెయిల్యూర్‌లా కనిపించేవి.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, ఇద్దరికీ కలిపి. ఫ్లైట్లు లక్షా 34 వేలు, హోటళ్లు లక్షా 5 వేలు, రైళ్లు, లోకల్ తిరుగుడు 30 వేలు, తిండి 40 వేలు, వీసా, ఇన్సూరెన్స్ వగైరా 12 వేలు. మొత్తం 3 లక్షల 21 వేలు. సీజన్ కాబట్టి ఎక్కువే. మే నెలలో వెళ్తే తగ్గొచ్చు, పూలు మాత్రం ఉండవు.

మీకు మార్చి, ఏప్రిల్ మొదట్లో లీవ్ దొరక్కపోతే ఉత్తరానికి వెళ్లండి. అవోమోరిలో హిరొసాకి కోట ఉంది, సుమారు 2,600 చెట్లు, పూత మామూలుగా ఏప్రిల్ రెండో సగంలో. రాలిన రేకులు కందకం నీళ్లని కప్పేస్తాయి. ఇంకా పైన సప్పొరోలో సగటు తేదీ మే 1.

అక్కడ పాటించాల్సినవి కూడా చిన్నవే. కొమ్మలు వంచకండి, ఊపకండి. చాప మీద కూర్చునేటప్పుడు చెప్పులు విప్పండి. మీ చెత్త మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి, పార్కుల్లో డబ్బాలు తక్కువ.

చివరిగా ఒక మాట. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో సెలవు దొరకడం పూత దొరకడం కన్నా కష్టం. పూలు వచ్చే ఏడాది కూడా పూస్తాయి, ఓ వారం అటో ఇటో. కాబట్టి డేట్ ఎంచుకునేటప్పుడు చెట్టు క్యాలెండర్ కన్నా ముందు మీ ఇద్దరి క్యాలెండర్ చూసుకోండి. ఇద్దరికీ కుదిరిన రోజులు ముందు బ్లాక్ చేయండి. ఆ రోజుల్లో ఎక్కడ ఏం పూస్తుందో తర్వాత వెతుకుదాం.

మీ డేట్స్ కామెంట్‌లో పెట్టండి, ఆ టైముకి ఏ ఊరు బాగుంటుందో చెప్తాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.