దౌత్య సేవా నియమావళి – మన బిడ్డల హక్కు

(నరసరావుపేటలో విద్యార్థులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాయబారం అనే మాట పల్నాటికి కొత్తది కాదు. మాచర్ల పక్షాన గురజాలకు రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలైన కథ వీరగాథగా ఈ నేలమీద తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. ఆ గాథలోనే గురజాల రాజ్యానికి మంత్రిత్వం నెరపినది నాగమ్మ అనే స్త్రీ. రాయబారిని కాపాడవలసిన నియమాన్ని మీరితే ఏం జరుగుతుందో ఆ కథ చెబుతుంది. నియమమే అన్యాయమైతే ఏం జరుగుతుందో చెప్పే ఇటీవలి చరిత్రను ఈ రోజు మీ ముందుంచదలచాము.

భారత విదేశాంగ సేవ, అంటే ఐ.ఎఫ్.ఎస్., 1946 అక్టోబరు 9న తీసుకున్న నిర్ణయంతో ఏర్పడింది. రాయబార కార్యాలయాల్లో దేశం తరఫున మాట్లాడేవారు ప్రధానంగా ఈ సేవకు చెందినవారే. వారి నియామకం, పదోన్నతి, ప్రవర్తన, సెలవులు, భత్యాలు అన్నీ లిఖిత నియమాల ప్రకారమే నడుస్తాయి. 1961 నాటి ప్రవర్తన, క్రమశిక్షణ నియమావళిలో 8(2) అనే నిబంధన ఉండేది. దాని ప్రకారం మహిళా అధికారి వివాహానికి ముందు ప్రభుత్వం నుండి లిఖితపూర్వక అనుమతి పొందాలి. వివాహానంతరం కుటుంబ బాధ్యతలు విధులకు అడ్డు రావచ్చునని ప్రభుత్వం భావిస్తే ఆమెను రాజీనామా చేయమనవచ్చు. నియామక నియమావళిలోని 18(4) మరింత కఠినం. వివాహిత స్త్రీకి ఈ సేవలో నియామకం హక్కుగా లభించదని అది శాసించింది.

కొడగు ప్రాంతానికి చెందిన సి.బి. ముత్తమ్మ 1949లో ఈ సేవలో చేరిన తొలి మహిళ. వివాహం చేసుకుంటే రాజీనామా చేస్తానని ఆమె చేత ముందే హామీపత్రం రాయించుకున్నారు. మూడు దశాబ్దాల సేవ తర్వాత కూడా పై శ్రేణికి పదోన్నతి నిరాకరించడంతో ఆమె సుప్రీంకోర్టును ఆశ్రయించారు. వ్యాజ్యం నడుస్తుండగానే ప్రభుత్వం పదోన్నతి ఇచ్చింది. 18(4)ను తొలగించామని, 8(2)ను తొలగించబోతున్నామని కోర్టుకు విన్నవించింది. అందువల్ల 1979 సెప్టెంబరులో ఆ పిటిషన్ లాంఛనంగా కొట్టివేయబడింది. అయినా జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఊరుకోలేదు. కుటుంబ బాధ్యత స్త్రీ విధులకు అడ్డమైతే పురుషుని విధులకు మాత్రం కాదా అని ప్రశ్నించారు. లింగ వివక్ష మరక లేకుండా సేవా నియమాలన్నిటినీ సరిదిద్దాలని ప్రభుత్వానికి సూచించారు. రాజ్యాంగం 1950లోనే సమానత్వాన్ని ప్రకటించింది. అయినా ఆ తర్వాత కూడా అలాంటి నిబంధనలు నియమావళిలో ఉన్నాయి. ఒక అధికారిణి వాటిని చదివి, న్యాయస్థానంలో నిలదీశారు.

ఇది మనకు ఎందుకు అని కొందరు అడగవచ్చు. ముస్లింలకు ఈ సేవలో ప్రవేశం లేదని ఏ నియమమూ చెప్పదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం మతం పేరిట ప్రభుత్వ ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. కానీ 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం విదేశాంగ సేవలో ముస్లింల వాటా 1.8 శాతం మాత్రమే. 2001 జనాభా లెక్కల్లో మనం 13.4 శాతం. అదే నివేదిక మరో విషయాన్ని కూడా తెలిపింది. 2003, 2004 సంవత్సరాల్లో సివిల్ సర్వీసుల రాత పరీక్షకు హాజరైనవారిలో ముస్లింలు 4.9 శాతమే. హాజరైనవారి విజయ శాతం మాత్రం ఇతరులతో దాదాపు సమానం. అంటే మన బిడ్డలు పరీక్ష గదిలో వెనుకబడడం లేదు. ఆ గది దాకా చేరడం లేదు. ఊళ్ళో మంచి పాఠశాల, వసతిగృహం, శిక్షణ కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. దానిని అడగడం మన హక్కు. అయితే పదో తరగతితో ఆడపిల్ల చదువు మాన్పించే ఇల్లు కూడా రాయని 18(4) నిబంధనను అమలు చేస్తున్నట్లే కదా!

చేరగలిగినవారు లేకపోలేదు. హైదరాబాదుకు చెందిన నవాబ్ అలీ యావర్ జంగ్ అమెరికాతో సహా పలు దేశాల్లో రాయబారిగా పనిచేశారు. హైదరాబాదు వారైన సయ్యద్ అక్బరుద్దీన్ 2016 నుండి 2020 వరకు ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా ఉన్నారు. కేరళ మూలాలున్న నగ్మా మల్లిక్ ట్యునీషియా, పోలండ్ దేశాల్లో రాయబారిగా సేవలందించారు.

ఇక ఆచరణకు వద్దాం. ఏదైనా డిగ్రీ ఉంటే చాలు, సివిల్ సర్వీసుల పరీక్ష రాయవచ్చు. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఆంగ్లం, హిందీలలోనే ఉన్నా మెయిన్స్ సమాధానాలను తెలుగులో గాని ఉర్దూలో గాని రాయవచ్చు. ఇంటర్వ్యూలో కూడా మాతృభాషను ఎంచుకోవచ్చు. ఆంగ్లంలో అర్హత పత్రం ఒకటి తప్పనిసరి. దరఖాస్తులో సర్వీసుల ప్రాధాన్యక్రమం రాసేటప్పుడు విదేశాంగ సేవను మరువరాదు. రాష్ట్ర వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉన్నట్లు కాదు. ధ్రువపత్రం తీసుకునే ముందే ఆ తేడాను సరిచూసుకోవాలి. ఎంపికైనవారు శిక్షణలో ఒక విదేశీ భాష నేర్చి, పరీక్ష నెగ్గాకే సేవలో స్థిరపడతారు. ఆ భాషల్లో అరబ్బీ కూడా ఒకటి. మక్తబ్‌లో అక్షరాలు దిద్దిన పిల్లలకు ఆ లిపి కొత్త కాదు.

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది; నరసరావుపేట దానికి కేంద్రమైంది. ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి యువజన సంఘం ఏటా ఇద్దరు విద్యార్థుల డిగ్రీ చదువుకు, పరీక్ష పుస్తకాలకు బాధ్యత వహించాలని, ఆ ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల కావాలని కోరుతున్నాము. నోటిఫికేషన్ వెలువడిన రోజున దానిని మొదటి పుట నుండి చివరి పుట దాకా విద్యార్థులు, తల్లిదండ్రులు కూర్చుని చదవాలి. అందులో తమకు అన్యాయమైన వాక్యం కనబడితే అర్జీ పెట్టాలి, అవసరమైతే న్యాయస్థానానికి వెళ్ళాలి. ముత్తమ్మ చూపిన దారి అదే. ఆ దారిలో మన బిడ్డలు ఒంటరిగా నడవకుండా చూడవలసిన బాధ్యత మనందరిది.