పిల్లలు ఏం చూసిన్రో అడుగుదాం



పొదుపు, బ్యాంకు లోన్ల లెక్కలు ఇప్పుడే చదివిన్రు. మేము వేరే ముచ్చట చెప్పడానికి నిలబడ్డాం. మన ఇండ్లల్ల ఉన్న 3 నుంచి 6 ఏండ్ల పిల్లల ముచ్చట.

మన కాశిబుగ్గ నుంచి ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి పనికి పోయినవాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమంటాయి. చప్పుడు రాక, కాయ మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టు. పత్తిని పిడికిట్ల పట్టి తేమ చెప్తాం. సీసీఐ వాళ్లు యంత్రం పెట్టి 8 శాతమా, 12 శాతమా అని కొలుస్తారు. మన చెయ్యి అంకె చెప్పలేదు గాని, చూసుడు, ముట్టుకునుడు, వినుడు అనే సైన్సు మనకు వచ్చు. పిల్లలు ముట్టుకోబోతే మాత్రం "ముట్టకు" అంటాం!

అందుకే బతుకమ్మ రోజుల్లో ఒక అక్క ఇంటి అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టాం. కళ్లు మూసుకొమ్మని చేతుల్లో పువ్వులు పెట్టాం. తంగేడు మెత్తగుందన్నారు. గునుగు కాగితం లెక్క ఉందన్నారు. తెల్లారి ఒక పిల్లగాడు, "తంగేడు వాడింది, గునుగు వాడలేదు" అని ఉరికొచ్చాడు. ఎందుకో మాకూ తెల్వదు. "రేపు కూడా చూద్దాం" అన్నాం.

పసుపు మరక పడ్డ గుడ్డకు సబ్బు రుద్దితే ఎర్రగా అవుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగు వస్తుంది. మొదటిసారి ఆ సంగతి మేమే ముందు చెప్పేసి ఆట చెడగొట్టాం. చెప్పినంక ఒక్కరూ గుడ్డ దిక్కు చూడలేదు. రెండోసారి "ఏమైతది?" అని అడిగి నోరు మూసుకున్నాం. అది మాకు చాలా కష్టమైంది.

తర్వాత చప్పుళ్ల ఆట. వెనక నుంచి గాజులు, గ్లాసు, శనగల డబ్బా మోగిస్తే ఏదో చెప్పాలి. ఒక పాప తిరగనే లేదు. "మొండిది" అన్నాం, తల్లి కూడా అదే అన్నది. మరో ఆదివారం కూడా అంతే. ముందు నిలబడి మోగిస్తే నవ్వింది. అప్పుడు మాకు గుండె గుబేలుమంది. అంగన్‌వాడీ టీచరుకు చెప్పాం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు అంగన్‌వాడీలకు ఏడాదికి 2 సార్లు వస్తారు గదా, వాళ్లకు చూపించాం. వాళ్లు ఆస్పత్రికి పంపారు. చెవి తెర వెనక నీరు చేరిందని అక్కడ చెప్పారు. జలుబు తర్వాత పిల్లలకు ఇట్ల అవుతుందట, నొప్పి కూడా ఉండకపోవచ్చట. తల్లి మూడు నాలుగుసార్లు తిప్పింది. ఇప్పుడు పాప వెనక నుంచి పిలిచినా పలుకుతుంది. మొండిదని ఎన్ని దెబ్బలు తిన్నదో, ఆ తల్లి మాతో చెప్పుకొని ఏడ్చింది.

జాగ్రత్తలు రెండున్నాయి. మిర్చి, సున్నం పిల్లల చేతికి ఇయ్యొద్దు. చింతగింజలు, శనగలు మూత బిగించిన డబ్బాలోనే ఉండాలి, లేకుంటే ముక్కుల్ల పెట్టుకుంటారు.

వచ్చే ఆదివారం అదే అరుగు మీద కూర్చుంటాం. పిల్లలతో పాటు ఒక పాత తెల్లగుడ్డ, సబ్బుముక్క తెచ్చుకోండి. నిమ్మకాయలు మేము తెస్తాం.