చిన్నదేశపు చలనచిత్రము: రాబడియా, గుణమా?



ఒక చలనచిత్రము బాగున్నదా యని యడిగినచో మనవారు తఱచుగా "నూఱుదినము లాడినది" అనియో, "పెట్టుబడి మునిగినది" అనియో చెప్పుదురు. ప్రశ్న గుణమును గూర్చినది. బదులు రొక్కమును గూర్చినది. కోట్లకొలది జనులు మాటలాడు భాషలో ఈ పొరపాటు అంతగా పైకి తెలియదు. జనము విస్తారము గనుక మంచి చిత్రమునకును ఏదో యొక మూల ప్రేక్షకులు దొరకుదురు. కాని కొద్ది లక్షలమంది మాత్రమే గల దేశములో ఈ కొలబద్ద యేమగునో చూచినచో దాని స్వరూపము మనకు చక్కగా బోధపడును. ఐస్‌లాండు అట్టి దేశము.

ఆ ద్వీపము అట్లాంటికు మహాసముద్రమునకు ఉత్తర భాగమున, నార్వేకు పడమరగా నున్నది. 2015 నాటికి అచ్చటి జనసంఖ్య సుమారు 3 లక్షల 30 వేలు. 2011 జనాభా లెక్కలలో మన గుంటూరు నగరమున కున్నదానిలో ఇంచుమించు సగము. ఆ కొద్దిమందికే స్వంత భాష యున్నది, వేయి యేండ్ల చరిత్ర యున్నది, ప్రాచీన గాథ లున్నవి.

ఇప్పుడు లెక్క వేయుడు. ఆ దేశమున పదుగురిలో నొకరు చొప్పున ఒక చిత్రమును చూచిరనుకొందము. అది సామాన్యమైన ఆదరణ కాదు. చంటిబిడ్డలును, మంచము దిగలేని ముదుసలులును ఆ లెక్కలో చేరియే యున్నారు. అయినను తెగిన టిక్కెట్లు 33 వేలే. మన పట్టణములలో 500 కుర్చీలుగల హాలొకటి దినమునకు నాలుగాటలు నిండుగా నడచినచో పదునేడు దినములలో అన్ని టిక్కెట్లు తెగును. ఖర్చు మాట యేమి? దేశము చిన్నదని కెమేరా చౌకగా రాదు. ఒక దృశ్యమును తీయుటకు కావలసిన వెలుతురు, పనివారు, దినములు, వారికి పెట్టవలసిన తిండి — ఇవి భాష నెందఱు మాటలాడుదురో విచారించి తగ్గునవి కావు. కాబట్టి వసూలే ఏకైక న్యాయాధిపతి యైనచో ఐస్‌లాండు భాషలో చిత్రమే పుట్టరాదు. అమెరికా చిత్రములను తెప్పించి ఆడించుకొనుటయే లాభసాటి బేరము. నేటికిని అచ్చటి హాళ్లలో అధికభాగము ఆ చిత్రములదే.

ఈ చిక్కును గుర్తించియే అచ్చటి ప్రభుత్వము 1970వ దశాబ్ది చివర చలనచిత్రములకై ఒక నిధి నేర్పరచినది. ఆ నిధిలోని ధనము చేపలు పట్టువారు, గొఱ్ఱెలు మేపువారు చెల్లించు పన్నుల నుండి వచ్చినదే గదా! తిరిగిరాని సొమ్మును సినిమాకు పెట్టుట న్యాయమా యని ఒక గొఱ్ఱెలకాపరి యడిగినచో, అది అడుగదగిన ప్రశ్నయే యని నేనందును. అతనికి చెప్పవలసిన బదులు చిత్రములోనే యుండవలెను. అట్లున్న చిత్రమొకటి గలదు.

2015లో గ్రిముర్ హాకొనర్సన్ అను దర్శకుడు "పొట్టేళ్లు" అను పేర నొక చిత్రము తీసెను. ఉత్తర ఐస్‌లాండులో ఒక లోయ. పక్కపక్క యిండ్లలో ఇద్దఱు అన్నదమ్ములు, ఇద్దఱును ముసలివారు, ఇద్దఱును బ్రహ్మచారులు. నలుబదియేండ్లుగా వారికి మాటలు లేవు. తప్పనిసరియైనచో కుక్క నోట చీటీ పంపుకొందురు. గట్టు తగాదాలు తెలిసిన మనకు ఈ సోదరులను గూర్చి వేఱుగ వివరింప నక్కఱలేదు. కథారంభమున పొట్టేళ్ల పోటీ జరుగును. స్వల్పమైన తేడాతో ఒకని పొట్టేలు గెలుచును. ఓడినవాడు గెలిచినదాని యొడలు తడవి చూచి, దానికి రోగమున్నదని అనుమానపడును. అది స్క్రేపీ యను తెగులు, మెదడును, వెన్నుపామును పట్టును, మందు లేదు. ఒక్కదాని యందు తేలినచో లోయలోని మందలనన్నిటిని చంపవలెను. తరతరములుగా పెంచిన జాతి అంతరించిపోవును. తమ్ముడు తన గొఱ్ఱెలను అధికారుల చేతి కీయక తానే చంపును; కొన్నిటిని మాత్రము ఇంటి నేలమాళిగలో దాచును. వానిని కాపాడుటకై ఆ ఇద్దఱు మొండివారును ఏమి చేసిరో, మంచుతుపానులో కథ ఎట్లు ముగియునో చెప్పి చూడబోవువారి సంతోషమును చెఱుపను.

ఆ చిత్రమున పోట్లాటలు లేవు, పాటలు లేవు. ఒక ముసలివాడు ఏకాకిగా కూర్చుండి క్రిస్మసు భోజనము చేయుట కలదు. పొట్టేలి యున్నిలో వ్రేళ్లు జొనిపి నిలుచుట కలదు. పశువును పెంచినవాడు దానిని చూచినచో ఇది తెలిసినవాడు తీసిన చిత్రమని చెప్పగలడు. గుణమనగా నా దృష్టిలో మొదట ఇదియే.

"పొట్టేళ్లు" 2015లో ఫ్రాన్సు దేశపు కాన్ చిత్రోత్సవమున ఒక విభాగములో ప్రథమ బహుమానము నందినది. ఇచ్చట నేనొక హెచ్చరిక చేయుదును. వసూలు తప్పుడు కొలత యనువారు కొందఱు బహుమానమును సరియైన కొలతగా భావింతురు. ఆ చిత్రములోనే మొదటి బహుమానము పొందిన పొట్టేలికి రోగముండెను! పరదేశపు విద్వాంసులు మెచ్చవలెనని, తన దేశపు మంచును, దారిద్ర్యమును అంగడిలో పెట్టి చూపు చిత్రములును కలవు. స్వజనులు చూడనివానిని చిన్నదేశమను సాకుతో క్షమింపరాదు. టిక్కెట్ల లెక్క చూడవలసినదే. కాని ఎన్ని వేలని గాక, స్వజనులలో నూటి కెందఱని చూడవలెను. పదియేండ్ల పిమ్మట దానిని మరల అడిగి చూచువా రున్నారా యనియు చూడవలెను.

1991లో ఫ్రిద్రిక్ థోర్ ఫ్రిద్రిక్సన్ తీసిన "ప్రకృతి బిడ్డలు" అను చిత్రమును నేనట్లే తూచుదును. సేద్యము విడిచి పట్టణములో కూతురి యింట చేరిన ముసలిరైతుకు అచ్చట చోటు చాలదు; వృద్ధాశ్రమమున చేర్తురు. అచ్చట చిన్ననాటి చెలికత్తె కనబడును. ఇద్దఱును ఒక జీపు దొంగిలించి, జనులు విడిచిపోయిన తమ తీరప్రాంతమునకు పాఱిపోదురు. లాభమే చూచు వర్తకుడు ఈ కథకు కానీ పెట్టడు. రెండున్నర లక్షలకు కొంచెము మించిన జనము గల దేశమునుండి వచ్చిన ఈ చిత్రము 1992లో ఆస్కారు పరభాషా చిత్రముల తుదిపట్టికలో నిలిచినది, బహుమతి రాలేదు. ఆ పట్టికలో చోటు పొందిన మొదటి ఐస్‌లాండు చిత్రమదియే.

"పొట్టేళ్ల" మాట యొకటి మిగిలినది. ఆ చిత్రమునకు అచ్చటి ప్రభుత్వపు చలనచిత్ర సంస్థ ధనసహాయము చేసియుండెను. 2020లో ఆస్ట్రేలియా వారు ఆ కథనే తమ దేశమునకు తగినట్లు మార్చి, ఇంగ్లీషున మరల తీసిరి. వారి జనము రెండున్నర కోట్లు. గొఱ్ఱెలకు కఱవు లేదు. కథకు మాత్రము ఐస్‌లాండునకు పోవలసివచ్చెను.