గింజలాటలో తెలుగు



బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఖరగపూరు వర్కుషాపునకు వచ్చిన మన పెద్దలు తెలుగును ఇంట నిలుపుకొనిరి. 2020 డిసెంబరులో పశ్చిమ వంగ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగ నిశ్చయించినది. సంతోషమే. కాని హిజ్లీలోని మన పిల్లలకు అమ్మమ్మ పలుకరింపు అర్థమగును. బదులు మాత్రము హిందీలోనో వంగభాషలోనో వచ్చును. ఈ లోటును ఉత్తర్వులు తీర్పజాలవు.

న్యూజీలాండులో మావోరీలు 1982లో 'కోహంగా రేవో' అను శిశుశాలలు తెరచిరి. భాషాగూడు అని ఆ పేరునకు అర్థము. అచట పెద్దలు పసివారితో మావోరీలోనే మాటలాడుదురు. తిండియు, ఆటయు, పాటయు ఆ భాషలోనే.

మనమును ఆదివారము రెండు గంటలు పిల్లలచే గోంగూర ఒలిపింతము, చింతగింజలతో వామనగుంటలు ఆడింతము. ఈ గుంటలో గింజలెన్ని యన్న, లెక్క తెలుగుననే రావలెను. పలకాబలపములు తరువాత. పిల్లవాడు హిందీలో అడిగినచో కసరరాదు. ఆ మాటనే తెలుగున మరల పలికి గింజలు చేతికీయవలెను. కష్టమంతయు మనకే. తొందర కలిగినంతనే మనమే హిందీలోనికి జారుదుము, నేనును జారినవాడనే.

వచ్చు ఆదివారము గింజలు నేను తెచ్చెదను. అమ్మమ్మలను మీరు తోడ్కొని రండు.