పాత మాట, పాత అలుగు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను ఇంజినీరింగ్ గురించి మాట్లాడమన్నారు. నేను పాత ఇంగ్లీషు మాటల గురించి మాట్లాడదామని వచ్చాను. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఒక మాట దగ్గరే జరిగింది. అది చెప్పే ముందు మిమ్మల్ని ఒకసారి మన తొమ్మిదో తరగతి గదిలోకి తీసుకెళ్తాను.

ఒకరోజు ఇంగ్లీషు మాస్టారు "డీర్ అంటే ఏటిరా?" అని అడిగారు. జింక అన్నాం. "వెయ్యేళ్ల కిందట ఇంగ్లండులో ఏ జంతువైనా డీరే" అన్నారాయన. షేక్‌స్పియర్ 'కింగ్ లియర్'లో ఎలుకల్ని కూడా ఆ లెక్కలో వేశాడని చెప్పారు. మేం నమ్మలేదు. ఆయన పక్క గదిలోంచి తెలుగు మాస్టారిని పిలిచారు. "మన మృగం సంగతీ అంతే కదా! మృగరాజు అంటే జంతువులకు రాజు. మృగనయని అంటే జింక కళ్లది" అని తెలుగు మాస్టారు నవ్వారు. అంతవరకు ఇంగ్లీషంటే నాకు భయం. ఆ రోజుతో అది మనలాంటి మనుషులు మాట్లాడుకున్న భాషేనని తెలిసింది.

ఆ తర్వాత మాస్టారు వారానికో మాట చెప్పేవారు. 'లార్డ్' అంటే మొదట్లో రొట్టెను కాపాడేవాడు. 'లేడీ' అంటే రొట్టె పిండి పిసికే ఆవిడ. ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేవారే దొర, దొరసాని అయ్యారన్నమాట. 'గర్ల్' అనే మాటను ఒకప్పుడు ఆడా మగా తేడా లేకుండా పిల్లలందరికీ వాడేవారు, మనం 'గుంటలు' అన్నట్టు.

పై చదువుకు వెళ్లిన చోట నేను "మా వీధి గుంటలు" అంటే తోటివాళ్లు గోతులనుకుని నవ్వారు. ఏడు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు మాట కథ తెలిసిన నేను, మా అమ్మ మాటను వెనకేసుకు రాలేకపోయాను. సిగ్గుపడి మాట మార్చుకున్నాను. ఊరొచ్చినా ఆ మార్చుకున్న భాషే మాట్లాడేవాణ్ని. దాని ఫలితం తర్వాత అనుభవించాను.

మా వృత్తి పేరుకూ ఒక కథ ఉంది. 'ఇంజిన్' లాటిన్ నుంచి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో దానికి తెలివి, యుక్తి అని అర్థం. తర్వాత కోటలు పగలగొట్టే యంత్రాలకు ఆ పేరు పెట్టారు. వాటిని చేసేవాడు, నడిపేవాడు ఇంజినీరు. 18వ శతాబ్దంలో ఎడ్డిస్టోన్ దీపస్తంభం కట్టిన జాన్ స్మీటన్, తాను సైన్యం మనిషిని కానని తెలియడానికి 'సివిల్' ఇంజినీరునని చెప్పుకున్నాడు. యంత్రం కంటే ముందు ఆ మాటలో ఉన్నది తెలివి. కొత్తగా ఉద్యోగంలో చేరిన నా దగ్గర ఆ ముందుది తక్కువగా ఉండేది.

గట్టు తెగిన ఒక చెరువుకు అంచనా వేయమని నన్ను పంపారు. పాత ఇంగ్లీషు రిజిస్టరులో 'కలింగుల' అని రాసి, పక్కన పొడవు, మట్టం వేసి ఉన్నాయి. చేతిలో ఉన్న నిఘంటువులో ఆ మాట లేదు. కళింగపట్నం ఉన్న జిల్లావాణ్ని కదా, ఏదో పొలం పేరనుకుని వదిలేశాను. గట్టు ఎత్తు పెంచి, బలపరిచి వచ్చాను. మరుసటి తుపానుకు గట్టు అక్కడే మళ్లీ తెగింది. నాట్లు వేసిన పొలాలన్నీ ఇసుక మేట వేశాయి.

నీళ్లు తీశాక వెళ్తే ఒక ముసలి రైతు అన్నాడు: "అదేటి బాబూ, ఆ మూల అలుగుండీది కదా! మా తాత సెప్పీవోడు. మన్నేసి దున్నీసినారు. నువ్వు మమ్మల్నడిగితే కదా!"

తర్వాత యూల్, బర్నెల్ 1886లో అచ్చువేసిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు చూశాను. కలింగుల అందులో ఉంది. తమిళంలోంచి ఇంగ్లీషులోకి వెళ్లి, మద్రాసు ప్రెసిడెన్సీ నీటిపారుదల కాగితాల్లో స్థిరపడిన మాట. చెరువు నిండితే మిగులు నీరు పోయే దారి అని అర్థం. మన ఆనకట్టను 'అనికట్' అన్నదీ ఆ కాగితాలే. ఇంగ్లీషు మాట అర్థం తెలియక అలుగును పోగొట్టాను. తెలుగు మాట తెలిసినవాణ్ని అడగక పొలాలను ముంచాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

మన పక్కనే, చిన్నబండిలో వెళ్లొచ్చిన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు ఏళ్ల తరబడి ఉపాధ్యాయులుగా ఉన్నారు. సవరల మాటలు నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి, జ్వరం తెచ్చుకుని, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా ఆపలేదు. సవర భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. చెవులు పోగొట్టుకుని ఆయన అంత చేస్తే, చెవులున్న మనం ఏం చేస్తున్నాం?

అందుకే ఈ స్వర్ణోత్సవానికి నాదొక మనవి. మన బడి గ్రంథాలయంలో ఒక పెద్ద పుస్తకం పెడదాం. ఒక్కొక్కరం మన అమ్మలు, తాతలు వాడిన పది మాటలు రాద్దాం. అర్థం, ఊరు, ఏ పనిలో వాడేవారో కూడా రాద్దాం. విశ్రాంత ఉపాధ్యాయులు వాటిని సరిచూడాలని కోరుతున్నాను. మొదటి పేజీలో నేను 'గుంటలు' అని రాస్తాను. ఈసారి సిగ్గుపడను.

సెలవు.