జయశంకర్ సార్ పేరున ఏం చేద్దాం?



సార్ పేరున ఏదన్నా చేయాలని కూర్చున్నప్పుడల్లా మన మాట విగ్రహం దగ్గర మొదలై విగ్రహం దగ్గరే ఆగుతున్నది. మనముంటున్న ఈ దేశంలోనే ఒక భారత నాయకుని పేరున చదువుల సంస్థ ఉంది. ఇవాళ దాని సంగతి చెప్తాను.

1964లో రోలండ్ మిషనర్ కెనడా హైకమిషనర్‌గా ఢిల్లీ వెళ్లారు. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిని దగ్గర నుంచి చూశారు. 1965 జూన్‌లో శాస్త్రి కెనడాకూ వచ్చారు. మరుసటి జనవరిలో తాష్కెంట్‌లో కన్నుమూశారు. 1968లో రెండు ప్రభుత్వాలూ కలిసి శాస్త్రి ఇండో-కెనడియన్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రకటించాయి. అప్పటికి మిషనర్ ఇక్కడ గవర్నర్ జనరల్. సంస్థకు ఆయన అండ ఉంది, మెక్‌గిల్ ప్రొఫెసర్ మైఖేల్ బ్రెచర్ శ్రమ ఉంది. పరిశోధకులకు ఫెలోషిప్‌లు ఇచ్చారు, ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీలకు భారతీయ పుస్తకాలు పంపారు.

శాస్త్రి మనకు పరాయివాడు కాదు. 1956 సెప్టెంబర్‌లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వందమందికి పైగా రైలు ప్రయాణికులు చనిపోతే, రైల్వే మంత్రిగా రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో అరియలూరు ప్రమాదం జరిగాక మళ్లీ ఇచ్చి, ఈసారి దిగిపోయారు. (ఇప్పటి మంత్రుల సంగతి నేను చెప్పాలా!)

ఇక మన సంగతి. మనది రాజకీయ వేదిక. కెనడా చట్టం ప్రకారం రిజిస్టర్డ్ చారిటీ ఏ పార్టీనీ, ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, వ్యతిరేకించకూడదు. కాబట్టి ఈ ఫోరం చారిటీ కాలేదు. విడిగా సంస్థ పెట్టాలి, దాని లెటర్‌హెడ్ మీద ఏ రంగు జెండా కనబడొద్దు. కొందరికిది నచ్చదని తెలుసు. కానీ అట్లయితేనే దాతలకు పన్ను రసీదు ఇవ్వగలం. ఊర్లో డబ్బు అందుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి. అంటే ఏటేటా లెక్కలు, రిపోర్టులు. విగ్రహానికి ఈ తిప్పలు లేవు, ఒక్కసారి దండ వేసి వస్తే సరిపోతుంది.

సార్ కాకతీయ యూనివర్సిటీ వైస్ చాన్స్‌లర్‌గా చేసిన మనిషి, జీవితమంతా పాఠం చెప్పిన మనిషి. ఆయన పేరున మొదటి ఏడాది వరంగల్ జిల్లా ప్రభుత్వ కాలేజీల్లో పదిమంది పిల్లల ఫీజు కడదాం. పదిమందే. ఆ పదిమందీ డిగ్రీ పూర్తిచేసేదాకా వదలొద్దు.

డైరెక్టర్లుగా ఉండటానికి పేర్లు బాగానే వచ్చాయి. లెక్కలు రాయడానికి మాత్రం ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. ఎవరు రాస్తారో ఇప్పుడే చెయ్యెత్తండి.

జై తెలంగాణ.